బెండు వాలిన వైపు

సోమ, బుధ, శుక్రవారాల్లో
ఎనిడ్ గాట్స్ నా కుర్చీలో పడుకుంటుంది.
ఎడమ చేతికి రెండు సూదులు గుచ్చి
నాలుగు గంటలు ఆమె నెత్తురు ఉతికి పంపిస్తాను.
రోజుకి లీటరు నీళ్ళు దాటొద్దని
ఆమె కార్డు మీద రాసింది నేనే.

శనివారం మాత్రం
హెల్స్‌డన్ మిల్లు దిగువన, వెన్సమ్ ఒడ్డున,
ఆమె మడతకుర్చీ పక్కన నేను గడ్డిలో కూర్చుంటాను.

రోచ్ పడదాం రమ్మని మొదటిసారి పిలిచినప్పుడు
బొద్దింకలేమో అనుకున్నాను.
దగ్గొచ్చేదాకా నవ్వింది.
"చేపయ్యా. ఒళ్ళంతా వెండి,
కంట్లో మాత్రం నైట్‌డ్యూటీ ఎరుపు."

కొట్లో కొన్న డబ్బా గర్వంగా తెరిచాను.
తిరునాళ్ళలో రంగులద్దిన కోడిపిల్లల్లా
గులాబీ పురుగులు.
ఆమె మెల్లగా మూత పెట్టేసింది.
"ఇది నీకు నచ్చిన రంగు.
ఈ వారం ఏట్లో ఏం రాలుతోందో చూశావా?"
చూడలేదు.
నేను బెండుని చూస్తున్నాను.

జూలైలో ఎర మిల్లు గట్టు మీదే మొలిచింది.
నీళ్ళు దూకేచోట పట్టుకుచ్చు లాంటి నాచు.
గాలాన్ని అందులోంచి ఒక్కసారి లాగితే చాలు,
దువ్వెనకి జుట్టులా తనే చుట్టుకుంటుంది.
వేళ్ళతో సర్దబోతే నా చేతి మీద కొట్టింది.

ఆగస్టులో రాళ్ళు తిరగేశాం.
ఇసుక రేణువులు ఒక్కొక్కటీ అతికించుకుని
గొట్టంలా ఇల్లు కట్టుకున్న పురుగు.
దాన్ని బయటికి లాగుతూ ఆమె అంది,
"ఇల్లు కట్టుకున్నవాడి మీద పడటం నాకిష్టం ఉండదు."
అని, లాగింది.

వానకి ఏరు టీ రంగుకి తిరిగితే వానపాము తోకముక్క.
మా వైపు దాన్ని ఎర్ర అంటారు, చేపకి పెట్టేది ఎర,
ఒక్క ఒత్తే తేడా అని చెప్పాను.
పాపం, చాలాసేపు ప్రయత్నించింది.
ఆమె నోట్లో రెండూ ఒకటే అయ్యాయి.
"చేపకీ అంతేలే" అంది.

గంజాయి గింజలు ఉడకబెట్టి తెమ్మంది ఇంకోసారి.
పోలీసులు రారా అంటే
ఉడికిపోయిన గింజలకి ఎవరొస్తారంది.
అర్ధరాత్రి నా కుక్కర్ మూడు కూతలు కూసింది.
నల్ల గింజ పగిలి తెల్లగా నాలిక చాపింది,
అచ్చం గుగ్గిళ్ళు.
తాలింపు వెయ్యబోయిన చెయ్యి ఆగింది.

సెప్టెంబరు మూడో శనివారం
ఎల్డర్ కొమ్మ పళ్ళ బరువుకి నీళ్ళ దాకా వంగింది.
టప్.
ఓ వలయం.
దాని పక్కనే ఇంకో వలయం,
అది పండుది కాదు.
"అదిగో" అంది, గుడిలో మాట్లాడినట్టు.

నా గుగ్గిళ్ళు నాలుగు గింజలు చల్లింది.
పదహారో నంబరు గాలం.
అంకె పెరిగేకొద్దీ సన్నబడుతుంది, మా సూదుల్లాగే.
ఆమె చేతికి నేను వాడేది పదిహేను.
పండుకి తొడిమ ఊడిన గుంటలోంచి ముల్లు దించుతుంటే
"మెల్లగా" అంది,
బుధవారం అన్నట్టే.

బెండు మునగలేదు.
ఏదో గుర్తొచ్చినట్టు కొంచెం పక్కకి వాలింది, అంతే.
చేతులు తడుపుకోమంది ముందు.
జానెడు వెండి, తమలపాకు నమిలిన పెదాల్లాంటి రెక్కలు,
ఆ ఎర్ర కన్ను.
ముల్లు తీశాను. నీళ్ళలో పట్టుకున్నాను.
ఎప్పుడు వెళ్ళిందో తెలీలేదు, అరచెయ్యి ఖాళీ.

"నీ ఫ్లాస్కులో టీ ఉందా?" అంది.
మూత నిండా పోశాను.
నూట యాభై మిల్లీలీటర్లు.
తాగింది. ఏటి వంక చూసింది. మళ్ళీ మూత చాపింది.

సోమవారం ఆమె బరువు
ఉండాల్సినదానికన్నా ఎక్కువ చూపించింది.
అంకె రాసుకున్నాను, కారణం అడగలేదు.
గ్లవ్స్ తొడుక్కోబోతుంటే
ఊదారంగు దిగని నా గోళ్ళు చూసి
ఆమె తన చెయ్యి చాపింది.
వాటికీ దిగలేదు.